ఇన్నేళ్లు పడిన డై ఇప్పుడెందుకు పడదు? తలరంగు అలర్జీ: గుర్తింపు, చికిత్స, నివారణ

పెళ్లికి రెండు రోజుల ముందు తలకు రంగు వేసుకున్న మనిషి ముహూర్తం వేళకు కళ్లు తెరవలేనంతగా ముఖం వాచి ఆసుపత్రికి రావడం చర్మవైద్యులకు కొత్త విషయం కాదు. అలా వచ్చేవారిలో చాలామంది రంగును అనుమానించరు. ముందు రోజు తిన్న వంకాయ కూరనో, మార్చిన సబ్బునో, రాత్రి కుట్టిన పురుగునో అనుమానిస్తారు. రంగు మాట ఎత్తితే సాధారణంగా వచ్చే జవాబు ఒక్కటే: అది పదేళ్లుగా వాడుతున్నదే, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఈ జవాబులో రెండు అపోహలున్నాయి. చాలాకాలం వాడిన వస్తువు ఒంటికి పడినట్టే అన్నది మొదటిది. పడని వస్తువైతే వెంటనే తెలిసిపోతుందన్నది రెండోది. తలరంగు విషయంలో ఈ రెండూ నిజం కావు. అలర్జీని ఆలస్యంగా గుర్తించడానికీ, ఒకసారి బాధపడినవారే మళ్లీ అదే రంగు వాడి మరింత బాధపడటానికీ ఇవే ప్రధాన కారణాలు.

సంక్షిప్తంగా

శాశ్వత తలరంగుల అలర్జీకి ఎక్కువగా కారణమయ్యేది పారా-ఫినిలీన్‌డయమిన్ అనే రసాయనం. దీన్ని పీపీడీ అంటారు. ఏళ్ల తరబడి ఏమీ చేయని ఈ రసాయనం ఏదో ఒక దశలో శరీరానికి పడకుండా పోవచ్చు. ఆ తర్వాత అది సాధారణంగా జీవితాంతం పడదు. లక్షణాలు ఎక్కువగా 1 నుంచి 3 రోజుల తరువాత, తలకన్నా ముందు కనురెప్పలు, నుదురు, చెవుల దగ్గర కనిపిస్తాయి. శ్వాస ఇబ్బంది, నాలుక వాపు, కళ్లు తిరగడం ఉంటే అది అత్యవసర స్థితి. అమ్మోనియా లేదనో, హెర్బల్ అనో రాసి ఉన్నంతమాత్రాన పీపీడీ లేనట్టు కాదు.

రంగు జుట్టులోకి ఎలా చేరుతుంది

ఈ అలర్జీ అర్థం కావాలంటే ముందు రంగు పనిచేసే తీరు తెలియాలి. వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఉంటుంది. సూక్ష్మమైన పొలుసులు ఒకదాని మీద ఒకటి పరచుకుని లోపలి భాగాన్ని కాపాడతాయి. శాశ్వత రంగులోని అమ్మోనియా గానీ, దానికి బదులుగా వాడే మోనోఇథనోలమిన్ వంటి క్షారం గానీ ఈ పొలుసులను ఉబ్బించి దారి తెరుస్తుంది. ఆ దారిన పీపీడీ అణువులు లోపలికి వెళతాయి. అవి అప్పటికి చాలా చిన్నవి, రంగు దాదాపు లేనివి. రంగుతో కలిపే రెండో సీసాలోని హైడ్రోజన్ పెరాక్సైడ్ వాటిని ఆక్సీకరిస్తే, అవి రిసార్సినాల్, మెటా-అమినోఫినాల్ వంటి మరికొన్ని పదార్థాలతో జతకట్టి పెద్ద రంగు అణువులుగా మారతాయి. లోపలికి వచ్చినప్పుడు చిన్నవిగా ఉన్న అణువులు అక్కడే పెద్దవై, వచ్చిన దారిన తిరిగి బయటకు పోలేవు. ఎన్ని తలస్నానాలు చేసినా శాశ్వత రంగు వదలకపోవడానికి కారణం ఇదే. నీళ్లతో కలిపి వాడే పొడి రంగుల్లో పెరాక్సైడ్ లవణాలు పొడిలోనే ఉంటాయి గనుక రెండో సీసా కనిపించదు. జరిగే ప్రక్రియ మాత్రం అదే.

చిక్కు ఈ మార్పు మధ్యలో ఉంది. మొదట వేసిన పీపీడీకీ చివరికి తయారైన రంగు అణువుకూ నడుమ, క్వినోన్‌డైఇమైన్ వంటి అస్థిరమైన, చురుకైన రూపాలు కొంతసేపు ఉంటాయి. అవి వెంట్రుకలోనే కాదు, రంగు తగిలిన చర్మం మీద, చర్మం లోపల కూడా ఏర్పడతాయి. అక్కడి ప్రోటీన్లకు అవి తేలికగా అంటుకుంటాయి. ఆక్సీకరణ పూర్తయి, బాగా కడిగిన జుట్టులో మిగిలేది ఆఖరి రూపమే. అందుకే అలర్జీ వచ్చినవారు భయపడి గుండు చేయించుకోవలసిన అవసరం సాధారణంగా ఉండదు. ప్రమాదం తడి రంగు తలమీద ఉన్న ఆ అరగంటలో, సరిగా కడగకుండా మిగిలిపోయిన అవశేషంలో ఉంటుంది.

పదేళ్ల తరువాత పడకపోవడం ఎలా సాధ్యం

తెలుగులో పడటం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. గుడ్డకు రంగు పడుతుంది, మనిషికి మందు పడుతుంది. తలరంగు దగ్గర ఈ రెండూ విచిత్రంగా కలుస్తాయి. జుట్టుకు బాగా పడే గుణమే కొందరి చర్మానికి పడకపోవడానికి కారణం, ఎందుకంటే రెండు చోట్లా పనిచేసేది ఆ రసాయనపు చురుకుదనమే.

రోగనిరోధక వ్యవస్థ పీపీడీ అంత చిన్న అణువును నేరుగా గుర్తించలేదు. చర్మంలోని ప్రోటీన్‌కు అంటుకున్నప్పుడే అది పరాయి వస్తువుగా కనిపిస్తుంది. చర్మంలో కాపలా కాసే లాంగర్‌హాన్స్ కణాలు ఆ జంటను పట్టుకుని దగ్గరి లింఫ్ గ్రంథులకు తీసుకువెళ్లి, రోగనిరోధక వ్యవస్థలో భాగమైన టీ కణాలనే తెల్లరక్తకణాలకు పరిచయం చేస్తాయి. ఈ పరిచయం జరిగి, ఆ రసాయనాన్ని గుర్తుంచుకునే టీ కణాలు తయారవడానికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఈ దశలో సాధారణంగా పైకి ఏ లక్షణమూ కనిపించదు. తరువాతి సారి రంగు తగిలినప్పుడు జ్ఞాపకం ఉన్న ఆ కణాలు పెద్దసంఖ్యలో చర్మానికి చేరి వాపును, దురదను, పొక్కులను పుట్టిస్తాయి. కణాలు కూడి పనిచేయాలి గనుక దీనికి గంటలు, రోజులు పడుతుంది. వైద్యులు దీన్ని నాలుగో రకం లేదా ఆలస్యపు అలర్జీ అంటారు.

మరి మొదటి ఏడాదిలోనే ఎందుకు రాదు? చర్మంలోని ఒక ఎంజైము పీపీడీని అసిటైల్ రూపంలోకి మార్చి చాలావరకు నిరపాయం చేస్తుంది. ఆ పనిని మించిన మోతాదు, మించిన సమయం, మించిన తరచుదనం చేరినప్పుడు నిరపాయం కాని భాగం మిగులుతుంది. గోకిన తల, చుండ్రుతో పగిలిన చర్మం, మంగలి కత్తి గాట్లు దానికి దారి సుగమం చేస్తాయి. ఇది ఎప్పుడు, ఎవరికి జరుగుతుందో ముందుగా చెప్పలేం. ప్రతిసారి రంగు వేసుకోవడం మళ్లీ ఒకసారి అవకాశం ఇవ్వడమే అవుతుంది. నెలకొకసారి చొప్పున పదేళ్లు వాడిన మనిషి 120 సార్లు ఆ రసాయనానికి ఎదురుపడ్డాడు. పదేళ్లు ఏమీ కాలేదన్న మాట భద్రతకు రుజువుగా పనికిరాదు. అది ఆ మనిషి ఎన్నిసార్లు దానికి ఎదురయ్యాడో చెప్పే లెక్క మాత్రమే.

ఇది ఎంతమందిలో ఉంటుందన్న ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. చర్మ అలర్జీ అనుమానంతో పరీక్ష చేయించుకున్నవారిలో పీపీడీ పడనివారు ఆసియా, యూరప్, ఉత్తర అమెరికాల్లో సుమారు 4 నుంచి 6 శాతం ఉంటారని అధ్యయనాల సారాంశం. అయితే వీరు ఆసుపత్రికి వచ్చిన రోగులు. ఆ అంకెను మొత్తం జనాభాకు వర్తింపజేస్తే లెక్క తప్పుతుంది.

గుర్తించడంలో కాలం, చోటు

రెండు ప్రశ్నలు చాలావరకు దారి చూపుతాయి. ఎప్పుడు మొదలైంది? ఎక్కడ మొదలైంది?

కాలం సంగతికి వస్తే, అప్పటికే సున్నితత్వం, అంటే ఆ రసాయనాన్ని గుర్తుంచుకున్న స్థితి, ఏర్పడిన వ్యక్తిలో లక్షణాలు చాలావరకు 24 నుంచి 72 గంటల మధ్య పైకి వస్తాయి. సున్నితత్వం తీవ్రంగా ఉన్నవారిలో కొన్ని గంటలకే మొదలవచ్చు. అందువల్ల డాక్టర్ దగ్గర చెప్పేటప్పుడు నిన్న ఏం తిన్నాం అన్నదానికన్నా గత మూడు నాలుగు రోజుల్లో తలకు, మీసానికి, చేతికి ఏం తగిలిందన్నది ముఖ్యం.

చోటు మరింత మోసం చేస్తుంది. రంగు వేసింది తలకైనా, వాపు ఎక్కువగా కనిపించేది కనురెప్పల మీద, నుదుటి అంచున, చెవుల పైన, చెవుల వెనుక, మెడ మీద. తల చర్మం మందంగా ఉంటుంది. రెప్పల చర్మం శరీరంలోకెల్లా పలుచనిది. తల కడిగేటప్పుడు రంగు నీళ్లు జారేదీ వాటి మీదుగానే. దాంతో తలలో కాస్త దురద మాత్రమే ఉండి కళ్లు పూర్తిగా మూసుకుపోయిన రోగిని చూసి, ఇది కంటి జబ్బనో, మూత్రపిండాల జబ్బు వల్ల వచ్చిన వాపనో పొరబడటం జరుగుతుంది. మీసానికి, గడ్డానికి రంగు వేసుకునే మగవారిలో పై పెదవి, చెంపలు, గడ్డం కింది భాగం ఎర్రబడి, చిన్న నీటి పొక్కులు లేచి, రసి కారి, పక్కులు కడతాయి. ముఖచర్మం పలుచన గనుక తలకు ఏమీ కాని రంగే మీసం దగ్గర రచ్చ చేయవచ్చు.

రంగు వేస్తున్నప్పుడే మంట పుట్టి, కడగగానే తగ్గిపోయి, రంగు తగిలిన మేరకే పరిమితమైతే అది ఎక్కువగా క్షారం, పెరాక్సైడ్‌ల వల్ల కలిగిన చికాకు మాత్రమే, అలర్జీ కాదు. అలర్జీలో మంటకన్నా దురద ప్రధానం, కడిగిన తరువాత కూడా పెరుగుతుంది, రంగు తగలని చోటికి కూడా పాకుతుంది. జ్వరం, తాకితే నొప్పి, ఒకే పక్క వాపు ఉంటే చర్మంలో బాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌ను, నుదుటి ఒక్క పక్కనే పొక్కులు, పోటు ఉంటే నరాల మీద వచ్చే హెర్పిస్ జోస్టర్‌ను వైద్యులు పరిశీలిస్తారు.

దురద లేకుండా వచ్చే రూపాలు కూడా ఉన్నాయి. వాటిని కనిపెట్టడం ఇంకా కష్టం. చామనచాయ, నలుపు చర్మాల్లో పీపీడీ తరచుగా తగిలినప్పుడు నుదురు, కణతలు, మెడ పక్కల గోధుమ, బూడిద రంగు మచ్చలు నెమ్మదిగా వ్యాపిస్తాయి. వాటిని మంగు అనుకుని ఏళ్ల తరబడి క్రీములు రాస్తూ, మరోవైపు నెలకొకసారి రంగు వేసుకుంటూనే ఉంటారు. క్రీము పనిచేయడం లేదని మరో క్రీముకు మారతారు తప్ప, కారణం జుట్టులోనే ఉందన్న ఆలోచన రాదు. కొందరిలో దీనికి వ్యతిరేకంగా, రంగు తగిలిన చోట బొల్లిని పోలిన తెల్లమచ్చలు రావచ్చు.

ఆగకూడని సందర్భాలు

తలరంగు వల్ల వెంటనే వచ్చే, ప్రాణాపాయమైన అలర్జీ అరుదు. అరుదే అయినా దాన్ని వాయిదా వేయడానికి వీల్లేదు. రంగు వేసిన నిమిషాల్లో, గంటలోపు ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, నాలుక, గొంతు వాపు, పిల్లికూతలతో ఆయాసం, వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఉంటే 108కు ఫోన్ చేయాలి. ఈ స్థితిలో మొదటి మందు తొడ కండరంలోకి ఇచ్చే ఆడ్రినలిన్ ఇంజెక్షన్. అలర్జీ మాత్ర మింగి వేచిచూడటం దానికి ప్రత్యామ్నాయం కాదు. జుట్టు రంగును ముందు లేతబరచడానికి వాడే బ్లీచింగ్ పొడుల్లోని పెర్‌సల్ఫేట్ లవణాలు ఇలాంటి తక్షణ దద్దుర్లకు, ఉబ్బసానికి కారణమవుతాయి. కాబట్టి తక్షణ ప్రతిచర్య వచ్చినప్పుడు పీపీడీతో పాటు వీటిని కూడా అనుమానించాలి.

చికిత్సలో జరిగే పొరపాట్లు

మొదట చేయవలసింది కడగడం. దురద మొదలైన వెంటనే తలను గోరువెచ్చని నీటితో, ఘాటు లేని షాంపూతో, ఒకటికి రెండుసార్లు, నీళ్లు కంట్లోకి జారకుండా తల వెనక్కి వంచి కడగాలి. అలర్జీ ఒకసారి రగిలాక కడిగినంతమాత్రాన ఆగదు గానీ, మిగిలిన రంగు ఇంకా కారణం కాకుండా ఉంటుంది. వాపు, రసి ఉన్నచోట చల్లని నీటిలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డను రోజుకు మూడు నాలుగు సార్లు, పది పదిహేను నిమిషాల పాటు ఉంచడం పాతదైనా మంచి పద్ధతి.

నిమ్మరసం, పసుపు, వేపాకు ముద్ద, టూత్‌పేస్ట్ వంటివి పగిలిన చర్మం మీద రాస్తే మరింత రేగుతుంది. పైగా అసలు కారణమేదో, కొత్తగా చేరిన కారణమేదో విడదీయడం కష్టమవుతుంది.

వైద్యుడు ఇచ్చే ప్రధాన మందు స్టెరాయిడ్. తేలికపాటి దశలో పూత మందుగా, తలకైతే లోషన్‌గా, ముఖానికి తక్కువ బలం ఉన్నదిగా ఇస్తారు. ముఖం బాగా వాచి, విస్తరించినప్పుడు ప్రెడ్నిసొలోన్ వంటి మాత్రలు ఇచ్చి, మోతాదు క్రమంగా తగ్గిస్తూ రెండు మూడు వారాల పాటు కొనసాగిస్తారు. మూడు రోజులకే వాపు దిగిపోయిందని మందు మానేస్తే, లేదా ఒక్క ఇంజెక్షన్‌తో సరిపెట్టుకుంటే, నాలుగైదు రోజుల్లో అదంతా తిరగబెట్టడం సాధారణం. టీ కణాలు ఇంకా అక్కడే ఉంటాయి గనుక ఇలా జరుగుతుంది. ఆ తిరగబెట్టడాన్ని మందు పడలేదని అనుకుని మరో చోటుకు వెళ్లేవారూ ఉన్నారు. రంగు వేసుకునేవారిలో చాలామంది నడివయసు దాటినవారు గనుక మధుమేహం, రక్తపోటు ఉన్న సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. స్టెరాయిడ్ మాత్రలు ఆ రెండింటినీ పెంచగలవు.

అలర్జీ మాత్రలుగా అందరికీ తెలిసిన యాంటీహిస్టమిన్ మందుల పాత్ర ఇక్కడ పరిమితం. తక్షణ దద్దుర్లలో హిస్టమిన్‌దే ముఖ్య పాత్ర గనుక అవి బాగా పనిచేస్తాయి. ఆలస్యపు అలర్జీని నడిపేది టీ కణాలు కాబట్టి అవి రాత్రి నిద్ర పట్టించి దురద భారాన్ని కొంత తగ్గించడం మినహా జబ్బును ఆపలేవు. పసుపు రంగు చీము, జ్వరం ఉంటే తప్ప యాంటీబయాటిక్ అవసరం ఉండదు.

స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ మీదే అమ్మాలన్న నిబంధనను 2018లో కట్టుదిట్టం చేసినా, మందుల షాపులో పేరు చెప్పి కొనుక్కోవడం ఆగలేదు. ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం పలుచనై, ఎర్రబారి, మొటిమలు లేచి, మానేసిన ప్రతిసారి మంట పుడుతుంది. రంగును మానకుండా, దాని ఫలితాన్ని క్రీముతో కప్పిపెట్టేవారికి ఈ ముప్పు ఎక్కువ.

గోరింటాకు నల్లగా పండదు

ఆషాఢంలో ఆకు కోసి రోట్లో రుబ్బి పెట్టుకునే గోరింటాకు ఎలా పండుతుందో తెలుగు ఇళ్లలో చెప్పనక్కరలేదు. రాత్రంతా ఉంచితే నారింజ రంగులో మొదలై, ఒకటి రెండు రోజుల్లో ముదురు ఎరుపుకు, కొందరికి గోధుమ రంగుకు తిరుగుతుంది. దానికి కారణం ఆకులోని లాసోన్ అనే పదార్థం. లాసోన్‌కు నలుపు రంగు ఇచ్చే శక్తి లేదు, గంటలోపు పండే శక్తి కూడా లేదు. దాని వల్ల అలర్జీ రావడం చాలా అరుదు.

కాబట్టి అరగంటలో కాటుకలా నల్లగా పండే మెహెందీ కోన్ గానీ, తెల్లజుట్టును ఒక్క పూతతో నల్లబరిచే హెన్నా పొడి గానీ గోరింటాకు ఒక్కటే కాదు. అందులో మరొకటి కలిసింది. ఆ కలిసేది చాలా సందర్భాల్లో పీపీడీ. చేతుల మీద వేసే నల్ల మెహెందీలో పీపీడీ 10 శాతం దాటి ఉన్న నమూనాలు కూడా బయటపడ్డాయి. చర్మం మీద నేరుగా, గంటల తరబడి, అంత మోతాదులో తగలడం సున్నితత్వానికి దగ్గరి దారి. పెళ్లిలో చేతికి సరదాగా నల్ల డిజైన్ వేయించుకున్న పదేళ్ల పాపకు అప్పటికి చిన్న పొక్కులతో పోయినా, 30 ఏళ్లు దాటి మొదటిసారి తలరంగు వేసుకున్న రోజున ముఖమంతా వాచవచ్చు. మధ్యలో గడిచిన రెండు దశాబ్దాల్లో ఆ రెంటికీ సంబంధం ఉందన్న ఊహే ఎవరికీ రాదు.

హెర్బల్, ఆయుర్వేద, సహజ వంటి మాటలను కూడా ఇదే చూపుతో పరిశీలించాలి. పెట్టె ముందు భాగంలో ఉసిరి, గుంటగలగర, కుంకుడు బొమ్మలుండి, వెనుక చిన్న అక్షరాల్లో పీపీడీ ఉండటం అసాధారణం కాదు. అమ్మోనియా లేదన్న ప్రకటన మరింత తప్పుదారి పట్టిస్తుంది. అమ్మోనియా పని పొలుసులు తెరవడం, పీపీడీ పని రంగు ఇవ్వడం. మొదటిది తీసేస్తే ఘాటు వాసన, కళ్లమంట తగ్గుతాయి, రెండోది మాత్రం యథాతథంగా ఉంటుంది. ఆ మాట అబద్ధం కాదు. అయితే కొనేవారు దాన్ని అలర్జీ రాదన్న హామీగా చదువుకుంటారు. చదవవలసింది పదార్థాల జాబితా. అక్కడ పారా-ఫినిలీన్‌డయమిన్, పి-ఫినిలీన్‌డయమిన్, 1,4-డయమినోబెంజీన్, 1,4-బెంజీన్‌డయమిన్, సీఐ 76060 అన్న పేర్లలో ఏది ఉన్నా అది పీపీడీయే.

హెచ్చరిక ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడ ఆగిపోతోంది

మన దేశంలో అమ్మే పీపీడీ రంగుల పెట్టె మీద ఒక హెచ్చరిక తప్పనిసరి. కొందరిలో చర్మానికి చికాకు కలిగించే పదార్థాలు ఇందులో ఉన్నాయనీ, ముందుగా పరీక్ష చేసుకోవాలనీ, కనుబొమలకు, రెప్పల వెంట్రుకలకు వాడితే చూపు పోవచ్చనీ దాని సారాంశం. 1940 నాటి ఔషధ, సౌందర్య సామగ్రి చట్టం కింద వచ్చిన నిబంధనల్లో మొదలై, 2020 సౌందర్య సామగ్రి నిబంధనల్లోనూ ఇది కొనసాగుతోంది. దాదాపు ఇవే మాటలు అమెరికా 1938 చట్టంలో కనిపిస్తాయి. కంటి ప్రస్తావన వెనుక అక్కడి చేదు అనుభవం ఉంది. 1930లలో రెప్పలకు, కనుబొమలకు వేసిన లాష్ లూర్ అనే పీపీడీ రంగు వల్ల ఒక మహిళ చూపు పోయింది, మరణం కూడా నమోదైంది. 1938 చట్టం వచ్చాకే అలాంటి సరుకును స్వాధీనం చేసుకునే అధికారం ప్రభుత్వానికి దక్కింది. అయినా అదే చట్టం తలకు వేసే బొగ్గుతారు (కోల్‌టార్) రంగులకు, అంటే పీపీడీ వంటివాటికి, హెచ్చరిక రాస్తే చాలన్న మినహాయింపు ఇచ్చింది. నిషేధానికి బదులు హెచ్చరిక అన్న ఈ రాజీయే నేటికీ చాలా దేశాల్లో అమల్లో ఉంది.

యూరప్ దారి కొంత వేరు. జర్మనీ, ఫ్రాన్స్, స్వీడన్ 20వ శతాబ్దంలో ఒక దశలో తలరంగుల్లో పీపీడీని నిషేధించాయి. ఇప్పటి యూరోపియన్ యూనియన్ చట్టం దాన్ని అనుమతిస్తూనే, పెరాక్సైడ్‌తో కలిపాక తలకు చేరే మిశ్రమంలో 2 శాతం మించకూడదని పరిమితి పెట్టింది. 16 ఏళ్ల లోపువారికి ఉద్దేశించినది కాదనీ, నల్ల హెన్నా టాటూ వేయించుకున్నవారికి ముప్పు ఎక్కువనీ పెట్టె మీదే రాయాలి. మన పెట్టెల మీద కూడా నల్ల మెహెందీ గురించిన ఆ ఒక్క వాక్యం చేరితే ఉపయోగం ఉంటుంది, ఎందుకంటే పెళ్లిళ్లలో ఆ అలవాటు ఇక్కడే ఎక్కువ.

మన నిబంధన ప్రకారం పెట్టెలో ఇంగ్లిష్‌లోనూ స్థానిక భాషల్లోనూ పరీక్షా విధానం ఉండాలి. చెవి వెనుక గానీ, ముంజేయి లోపలి వైపు గానీ చర్మాన్ని శుభ్రం చేసి, కలిపిన రంగును కొద్దిగా రాసి, ఆరనిచ్చి, 24 గంటల తరువాత కడిగి చూడాలన్నది ఆ విధానం. రంగు వేసుకునే ప్రతిసారి దీన్ని చేయాలని కూడా అందులో ఉంది. ఇక్కడొక లోపం గమనించదగ్గది. ఆలస్యపు అలర్జీ 72 గంటల దాకా పైకి రావచ్చు. 24 గంటలకు చర్మం మామూలుగా కనిపించినంతమాత్రాన పరీక్ష ముగిసినట్టు కాదు. యూరప్‌లో చాలా తయారీదారులు 48 గంటలు ఆగమంటారు. పండుగకో, పెళ్లికో రంగు వేసుకోదలచినవారు పరీక్షను మూడు రోజుల ముందు చేసి, ఆ మూడు రోజులూ ఆ చోటును గమనిస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

గతంలో ఒకసారైనా రంగు వల్ల వాపు వచ్చినవారు ఈ ఇంటి పరీక్ష చేసుకోకూడదు. వారికి ప్రశ్నకు జవాబు ముందే తెలిసింది. ఆ చిన్న పూత కూడా తీవ్రమైన ప్రతిచర్యను రేపగలదు.

ఆచరణలో హెచ్చరిక ఆగిపోయేది వేరే చోట. కిరాణా కొట్టులో చిన్న సాషేగా కొన్న పొడి రంగుతో వచ్చే కాగితం మడత విప్పకుండానే చెత్తలోకి పోతుంది. సెలూన్‌లో, బ్యూటీ పార్లర్‌లో అయితే రంగు కలిపిన గిన్నె తప్ప పెట్టె కూడా కుర్చీలో కూర్చున్నవారి కంటపడదు. చట్టం హెచ్చరించేది పెట్టె కొన్నవారిని, రంగు తగిలేది మరొకరికి. పెట్టె చూపించమని అడగడం, బ్రాండ్ పేరును ఫోన్‌లో ఫొటో తీసుకోవడం చిన్న పనులే. తరువాత ఏదైనా జరిగితే డాక్టర్‌కు అవే ముఖ్యమైన ఆధారాలు.

ఆసుపత్రిలో చేసే ప్యాచ్ టెస్ట్

ఇంటి పరీక్షనూ, చర్మవైద్యులు చేసే ప్యాచ్ టెస్ట్‌నూ ఒకటిగా భావించడం పొరపాటు. ప్యాచ్ టెస్ట్‌లో పీపీడీని 1 శాతం మోతాదులో పెట్రోలియం జెల్లీలో కలిపి, అలర్జీ కలిగించే ఇతర పదార్థాలతో పాటు చిన్న గిన్నెల్లాంటి అరల్లో ఉంచి వీపుకు అంటిస్తారు. 48 గంటలకు తీసి చూస్తారు, 96 గంటలకు మళ్లీ చూస్తారు. మన దేశానికి అనువుగా రూపొందించిన ఇండియన్ స్టాండర్డ్ సిరీస్‌లో పీపీడీ ఒక భాగం. దీని ప్రయోజనం అవునా కాదా అని చెప్పడంతో ఆగదు. కారణం పీపీడీయా, రిసార్సినాలా, సువాసన పదార్థమా, నిల్వ ఉంచే రసాయనమా అన్నది తేలిస్తేనే దేన్ని మానాలో తెలుస్తుంది. అలర్జీ ఉధృతంగా ఉన్నప్పుడు, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నప్పుడు ఫలితం తారుమారు కావచ్చు గనుక అది తగ్గాక చేస్తారు.

పడనివారికి మిగిలే దారులు

పీపీడీ పడదని తేలితే తక్కువ వేసుకోవడం, త్వరగా కడిగేయడం, ముందు కొబ్బరినూనె రాసుకోవడం వంటి మధ్యేమార్గాలు పనిచేయవు. నెలకు బదులు రెండు నెలలకొకసారి వాడినా టీ కణాలు మరచిపోవు. పీపీడీ లేదని రాసి ఉన్న రంగుల్లో చాలావాటిలో దానికి దగ్గరి బంధువైన టోలుయిన్-2,5-డయమిన్ ఉంటుంది. పీపీడీ పడనివారిలో గణనీయమైన భాగానికి ఇది కూడా పడదు. అలర్జీ శక్తి తగ్గేలా పీపీడీ నిర్మాణాన్ని మార్చి తయారుచేసిన ఎంఈ-పీపీడీ అనే రసాయనం కొన్ని విదేశీ బ్రాండ్లలో ఉంది. అప్పటికే అలర్జీ ఉన్నవారిలో కొందరు దాన్ని తట్టుకుంటారు, అందరూ తట్టుకోరు. కాబట్టి వైద్యుని పరీక్ష లేకుండా దానికి మారడం తొందరపాటే.

మిగిలినవాటిలో నమ్మదగినది ఒట్టి గోరింటాకు. నలుపు కావాలంటే ముందు గోరింటాకు పట్టించి కడిగి, ఆపై నీలి (ఇండిగో) మొక్క ఆకు పొడిని విడిగా పట్టించే రెండంచెల పద్ధతి ఉంది. సమయం ఎక్కువ పడుతుంది, మొదట కొంత నీలి ఛాయ వస్తుంది, తరచుగా మళ్లీ వేసుకోవాలి. ఒక్క పూతలో, తక్కువ సమయంలో నల్లబడితే ఆ పొడిని అనుమానించవచ్చు. ఇంట్లో గోరింటాకు చెట్టు ఉన్నవారికి గోరింటాకు విషయంలో ఈ అనుమానమే లేదు.

రంగు వేసే చేతులు

తలకు రంగు నెలకొకసారే తగులుతుంది. సెలూన్‌లో, పార్లర్‌లో పనిచేసేవారి వేళ్లకు రోజుకు పలుమార్లు తగులుతుంది. వేళ్ల సందుల్లో పగుళ్లు, దురద, చేతి ఎగ్జిమాతో వృత్తినే మానుకోవలసి రావడం ఈ పనిలో తెలిసిన సమస్య. పలుచని లేటెక్స్ గ్లౌవుల కన్నా నైట్రిల్ గ్లౌవులు మెరుగు. ఒకసారి వాడినవాటిని తిప్పి మళ్లీ తొడిగితే లోపలి వైపు చేరిన రంగు చర్మానికే తగులుతుంది. రంగు వేయడానికి గ్లౌవులు తొడిగి, కడిగేటప్పుడు తీసేయడం ఎక్కువ చోట్ల కనిపించే అలవాటు. వేళ్లకు రంగు అందేది కడిగేటప్పుడే. జుట్టు ముందు కత్తిరించి, తరువాత రంగు వేయడం అన్న చిన్న మార్పు కూడా కొత్తగా రంగు వేసిన జుట్టును ఒట్టి చేతులతో పట్టుకునే అవసరాన్ని తప్పిస్తుంది.

తలరంగుతో ఆగనిది

పీపీడీని గుర్తుంచుకున్న టీ కణాలు దాన్ని పోలిన మరికొన్నింటిని కూడా అదే అనుకోవచ్చు. నొప్పి తెలియకుండా చేసే బెంజోకైన్, ప్రోకైన్ మందులు, కొన్ని సల్ఫా మందులు, క్షయకు వాడే పారా-అమినోశాలిసిలిక్ యాసిడ్, పాతకాలపు సన్‌స్క్రీన్లలోని పాబా, ముదురు రంగు సింథటిక్ బట్టల్లోని అజో రంగులు, నల్ల రబ్బరులోని కొన్ని రసాయనాలు ఈ కోవలోకి వస్తాయి. అందరికీ అన్నీ పడకుండా పోవు. అయినా పన్ను తీయించుకునే ముందు, చిన్న శస్త్రచికిత్సకు ముందు, కొత్త మందు రాయించుకునేటప్పుడు పీపీడీ అలర్జీ ఉన్న సంగతి చెప్పడం అవసరం. ఇందుకోసం ప్యాచ్ టెస్ట్ ఫలితం రాసిన కాగితాన్ని మిగతా వైద్య పత్రాలతో పాటు దాచుకోవాలి. నల్ల చొక్కా మెడ దగ్గర దురద పెట్టినా, కొత్త రబ్బరు చెప్పు పట్టీ వెంబడి పొక్కులు లేచినా ఆ కాగితంలోని పేరు డాక్టర్‌కు పనికొస్తుంది.